మీ పరిశోధన డేటాకు ఎవరి రూలు? భారత్, అమెరికా, యూరప్, చైనా, కెనడా పాలసీల మధ్య ఎంపిక

కొన్నేళ్ల కిందట ఒక వేరుశనగ ప్రయోగం తాలూకు ఎక్సెల్ ఫైలు నా చేతికి వచ్చింది. పేపరు దాదాపు ఓకే అయింది, జర్నల్ వాళ్లు ముడి డేటా పంపమన్నారు. ఫైల్లో మూడు కాలమ్‌ల పేర్లు ఎస్1, ఎస్2, ఎస్3. ఎస్ అంటే సీజనా, సైటా, సోయింగా? ఫైలు తయారుచేసిన స్కాలర్ అప్పటికే పీహెచ్‌డీ ముగించుకుని విదేశం వెళ్లిపోయాడు. గైడ్‌కి గుర్తులేదు. చివరికి పొలం దగ్గర పనిచేసే ఫీల్డ్ అసిస్టెంట్ గారు జేబులోంచి నలిగిన నోటుబుక్కు తీసి, "విత్తిన తేదీలండీ, పదిహేనేసి రోజుల తేడాతో మూడుసార్లు వేశాం" అన్నారు. ఆయన కాస్త ముందే రిటైరై ఉంటే మూడేళ్ల పని ఎందుకూ కొరగాకుండా పోయేది.

ఇప్పుడు స్కాలర్లకు దీని మీద ఇంకో తలనొప్పి కలిసింది. డబ్బు ఢిల్లీ నుంచి వస్తుంది, కొలాబరేటర్ అమెరికాలో ఉంటారు, జర్నల్ లండన్‌ది. ముగ్గురూ తలో డేటా పాలసీ పంపుతారు. ఒకరు అంతా బయట పెట్టమంటారు, ఒకరు దేశం దాటించొద్దంటారు, ఇంకొకరు డేటాను ఎలా దాచి, ఎవరికి ఎలా పంచుతారో ముందే ప్లాన్ రాసివ్వమంటారు. దరఖాస్తు గడువు మాత్రం శుక్రవారం సాయంత్రం ఐదు. ఆ టెన్షన్‌లో ఉన్నవాళ్ల కోసమే ఇది. సొంతంగా పాలసీ రాసుకోమని పైనుంచి ఆర్డరు వచ్చిన యూనివర్సిటీ కమిటీలకు కూడా మధ్యలో కొంత పనికొస్తుంది.

ముందు వరస సరిచేసుకుందాం

లైబ్రరీలో నా దగ్గరకు సలహాకు వచ్చేవాళ్లలో ఎక్కువమంది జర్నల్ దగ్గర మొదలుపెడతారు. ఆఖరున అడిగింది జర్నలే కాబట్టి అదే గుర్తుంటుంది. కానీ అది తిరగేసిన వరస. ముందు చూడాల్సింది డేటా ఎక్కడ పుట్టిందన్నది: ఎవరి ఒంట్లోంచి, ఎవరి పొలంలోంచి, ఎవరి నోటి మాటల్లోంచి వచ్చింది? అక్కడి చట్టం అన్నిటికన్నా పైన ఉంటుంది. డబ్బిచ్చినవాళ్ల షరతు దాని తర్వాత. జర్నల్ కోరిక అన్నిటికన్నా కింద. చట్టం ఇవ్వొద్దన్నదాన్ని గ్రాంటు ఒప్పందం ఇప్పించలేదు. అలాంటప్పుడు ఫలానా కారణం వల్ల బయట పెట్టలేకపోతున్నాం, ఇలా దరఖాస్తు చేసుకుంటే చూపిస్తాం అని రాస్తే పేరున్న జర్నళ్లు సాధారణంగా ఒప్పుకుంటాయి.

ఈ వరస పెట్టుకుని చూస్తే పాలసీల మధ్య కనిపించే గొడవలో సగం మాయమవుతుంది. మిగిలిన సగమే అసలు ఎంపిక.

మన దేశం: పాలసీ ఒకటి కాదు, సబ్జెక్టుకొకటి

అన్ని రకాల పరిశోధన డేటాకూ వర్తించే ఒకే కాగితం మన దగ్గర లేదు. ఇది ఎలా ఉంటుందో చూడాలంటే హైదరాబాద్‌లో ఒక రోజు తిరిగితే చాలు.

పటాన్‌చెరులో ఇక్రిశాట్ ఉంది. మెట్ట పంటల మీద పనిచేసే అంతర్జాతీయ సంస్థ అది, సీజీఐఏఆర్ అనే వ్యవసాయ పరిశోధన సంస్థల కుటుంబంలోది. ఆ కుటుంబం విధానం ప్రకారం జొన్న, సజ్జ, కంది, శనగ ప్రయోగాల డేటాను వీలైనంత వరకు బయట పెట్టాలి. అందుకు దానికి సొంత డేటావర్స్, అంటే డేటా దాచి అందరికీ ఇచ్చే ఆన్‌లైన్ గిడ్డంగి ఉంది. ప్రగతినగర్ వైపు వెళ్తే సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్. సముద్రాల్లో తేలుతూ, మునుగుతూ ఉష్ణోగ్రత, లవణీయత కొలిచే ఆర్గో ఫ్లోట్ల కార్యక్రమంలో మన దేశపు డేటా కేంద్రం అదే. కొలిచిన అంకెలు దాదాపు 24 గంటల్లో ప్రపంచంలో ఎవరికైనా అందాలి, తప్పులు సరిచేసిన ప్రతి తర్వాత నెమ్మదిగా వస్తుంది. ముందు పేపరు రాసుకుని తర్వాత ఇస్తామంటే అక్కడ కుదరదు.

బాలానగర్‌లో ఇస్రో రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఎన్‌ఆర్‌ఎస్‌సీ. ఉపగ్రహ చిత్రాల దగ్గర గీత మీటర్లలో ఉంటుంది. 2023 అంతరిక్ష విధానం ప్రకారం 5 మీటర్లు, అంతకన్నా ముతక రిజల్యూషన్ ఉన్న చిత్రాలు అందరికీ ఉచితం. రిసోర్స్‌శాట్ ఉపగ్రహంలోని లిస్-3 కెమెరా దాదాపు 23.5 మీటర్లు, లిస్-4 దాదాపు 5.8 మీటర్లు. అంటే పంటల మ్యాపింగ్ చేసే స్కాలర్‌కు కావాల్సింది చాలావరకు భూనిధి పోర్టల్‌లో డబ్బు కట్టకుండానే దొరుకుతుంది. అంతకన్నా సూక్ష్మమైనవైతే ప్రభుత్వేతరులు ధర చెల్లించాలి. భూమి మీద సర్వే చేసి మ్యాపులు గీసేవాళ్లకు 2021 ఫిబ్రవరి మార్గదర్శకాలు వేరే ఉన్నాయి. వాటిలో భారతీయులకు చాలా వెసులుబాటు ఇచ్చారు, విదేశీ సంస్థలకు మాత్రం మీటరు కన్నా సూక్ష్మమైన వాటి దగ్గర గేటు వేశారు. విదేశీ యూనివర్సిటీతో కలిసి డ్రోన్ సర్వే చేసేవాళ్లు దీన్ని మర్చిపోతుంటారు.

ఇక జీవకణాల మీద పరిశోధన చేసే సీసీఎంబీ. 20 సంస్థలు కలిసి పది వేల మందికి పైగా భారతీయుల జన్యుక్రమాలు చదివిన జీనోమ్ ఇండియా ప్రాజెక్టులో ముఖ్య భాగస్వాముల్లో అదొకటి. ఆ డేటా 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి వచ్చింది. కానీ ఆర్గో లాగా క్లిక్ చేస్తే రాదు. ఫరీదాబాద్‌లోని ఇండియన్ బయలాజికల్ డేటా సెంటర్‌లో ఉంటుంది, ఫీడ్ ప్రోటోకాల్స్ అనే పద్ధతిలో దరఖాస్తు చేసుకోవాలి.

ఒకే ఊళ్లో నాలుగు సంస్థలు, నాలుగు రకాల గేట్లు. సముద్రపు నీటికి లేని గుట్టు మనిషి రక్తానికి ఉంటుంది కాబట్టి అది సబబే. అందుకే "భారత్‌లో డేటా ఓపెనా, క్లోజ్డా" అని అడిగేవాళ్లకు నా జవాబు ఒకటే: ఏ డేటా?

ఇప్పుడు కాగితాల సంగతి. 2012లో వచ్చిన జాతీయ డేటా షేరింగ్ అండ్ యాక్సెసిబిలిటీ పాలసీని దరఖాస్తుల్లో అందరూ ఉటంకిస్తారు. ప్రజాధనంతో తయారైన, రహస్యం కాని డేటాను ప్రభుత్వ శాఖలు, వాటి కింది సంస్థలు పంచుకోవాలన్నది దాని సారం. అందరికీ తెరిచినది, పేరు నమోదు చేసుకున్నవారికి ఇచ్చేది, అనుమతితో మాత్రమే ఇచ్చేది అని మూడు మెట్లు పెట్టింది. ప్రభుత్వ డేటా పోర్టల్ దాని ఫలితమే. వర్షపాతం, జనాభా, మార్కెట్ ధరలు వాడుకునేవాళ్లకు అది మేలు చేసింది. కానీ మీ ల్యాబ్ ఫ్రిజ్‌లోని శాంపిళ్ల నుంచి వచ్చిన ఫైలును ఏ ఫార్మాట్‌లో, ఎప్పుడు, ఎక్కడ పెట్టాలో అది చెప్పదు. దాన్ని ఉటంకించి ప్లాన్ రాసేశామనుకుంటే రివ్యూయర్ పట్టుకుంటాడు. 2014 డిసెంబర్‌లో కేంద్ర బయోటెక్నాలజీ శాఖ (డీబీటీ), సైన్స్ అండ్ టెక్నాలజీ శాఖ (డీఎస్‌టీ) కలిసి తెచ్చిన ఓపెన్ యాక్సెస్ పాలసీ కూడా ముఖ్యంగా పేపర్ల గురించే, డేటా దాని పక్కన నిలబడిన చుట్టం.

జీవశాస్త్రం వాళ్లకు మాత్రం 2021 నుంచి స్పష్టత వచ్చింది. ఆ ఏడాది జూలైలో జీవశాస్త్ర డేటా పంచుకోవడం మీద బయోటెక్-ప్రైడ్ మార్గదర్శకాలు, 2022 నవంబర్‌లో పైన చెప్పిన ఫరీదాబాద్ కేంద్రం. అక్కడ పెట్టేటప్పుడు రెండు దారులున్నాయి. ఒకటి, అందరికీ తెరిచి పెట్టడం, కావాలంటే కొంతకాలం ఆగి తెరవడం. రెండోది, అడిగినవారికి మీ అనుమతితో ఇవ్వడం. డీబీటీ డబ్బుతో సీక్వెన్సింగ్ (జన్యుక్రమం చదవడం) చేసినవాళ్లు ముందుగా ఈ గుమ్మం తట్టాలి. అమెరికాలోని డేటాబేస్‌కి నేరుగా పంపడం మనవాళ్లకు అలవాటైపోయింది. అలవాటు బలమైనదే, కానీ గ్రాంటు ఉత్తరం ఇంకోసారి చదవండి.

ఆరోగ్య పరిశోధనకు భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 నైతిక మార్గదర్శకాలు ఉన్నాయి. విదేశీ భాగస్వామి ఉంటే ఆరోగ్యశాఖ స్క్రీనింగ్ కమిటీ అనుమతి కావాలి. దాని మీద 2023లో డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం వచ్చింది, నిబంధనలు 2025 నవంబర్‌లో వచ్చాయి. ఈ చట్టం పేరు వినగానే పరిశోధన ఆగిపోతుందని హడలిపోయినవాళ్లను చూశాను. అంత లేదు. పరిశోధన, గణాంకాల కోసం చేసే పనికి అందులో మినహాయింపు ఉంది. షరతులు రెండు: ఆ డేటాతో ఆ మనిషి విషయంలో ఏ నిర్ణయమూ తీసుకోకూడదు, ప్రభుత్వం చెప్పిన ప్రమాణాలు పాటించాలి. రోగి రికార్డు చూసి "ఈయనకు ఇన్సూరెన్స్ ఇవ్వొద్దు" అని ఎవరో చెప్పడానికి మీ ఫైలు వాడారంటే మినహాయింపు పోయినట్టే.

అమెరికా: ప్లాన్ రాయడం నేర్చుకోవాలంటే ఇక్కడే

దేశాల పాలసీలన్నిట్లో కాపీ కొట్టదగ్గ ఫారం ఏదంటే నేను అమెరికాలో వైద్య పరిశోధనకు డబ్బిచ్చే ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐహెచ్‌ది చూపిస్తాను. 2003 నాటి దాని పాత విధానం ఏడాదికి 5 లక్షల డాలర్లకు పైబడిన గ్రాంట్లకే ఉండేది. 2023 జనవరి 25 నుంచి శాస్త్రీయ డేటా పుట్టించే ప్రతి ప్రాజెక్టుకూ ప్లాన్ తప్పనిసరి. రెండు పేజీలు మించకుండా రాయమంటారు. అడిగేవి కూడా నేరుగా ఉంటాయి: ఏ రకం డేటా, ఎంత, దాన్ని తెరవడానికి ఏ సాఫ్ట్‌వేర్ కావాలి, ఏ ప్రమాణాలు పాటిస్తారు, ఎక్కడ పెడతారు, ఎప్పటిలోగా, ఎవరికి ఇవ్వకూడదు, ఎందుకు, ఇదంతా జరుగుతోందో లేదో ఎవరు చూస్తారు. ఆఖరి ప్రశ్న నాకు చాలా ఇష్టం. ఎస్2 అంటే ఏమిటో ఎవరికి తెలియాలన్నదే ఆ ప్రశ్న.

గడువు కూడా గట్టిది. పేపరు వచ్చిన రోజు, లేదా గ్రాంటు ముగిసిన రోజు, ఏది ముందైతే అప్పటికి పంచుకోవాలి. పేపరు రాయనివాళ్లకు కూడా తప్పించుకునే దారి లేదు.

డబ్బు విషయంలో కూడా అమెరికా పద్ధతి మెరుగు. డేటా సర్దడానికి, దాచడానికి అయ్యే ఖర్చును బడ్జెట్‌లోనే చూపించవచ్చు. కాకపోతే ప్రాజెక్టు నడుస్తుండగానే చెల్లించేయాలి. పదేళ్లు దాచాల్సి ఉంటే ఆ రుసుము కూడా ముందే కట్టాలి, ప్రాజెక్టు మూసేశాక బిల్లు పెట్టలేరు. మన దరఖాస్తుల్లో కంప్యూటర్‌కి, కెమికల్స్‌కి, ప్రయాణాలకు, కంటింజెన్సీకి గడులుంటాయి కానీ డేటాకు విడిగా ఒక గడి నాకు కనిపించడం చాలా అరుదు. ఆ లోటును మీరే పూడ్చుకోండి. కంటింజెన్సీ కింద అయినా ఒక లైను రాసి, ఎందుకో చెప్పండి.

మిగతా సైన్సులకు డబ్బిచ్చే ఎన్‌ఎస్‌ఎఫ్ కూడా 2011 నుంచే రెండు పేజీల ప్లాన్ అడుగుతోంది. 2022 ఆగస్టులో వైట్‌హౌస్ సైన్స్ ఆఫీసు ఫెడరల్ ఏజెన్సీలన్నిటికీ, ప్రజల డబ్బుతో వచ్చిన పేపర్లు, వాటి వెనకున్న డేటా ఆలస్యం లేకుండా అందాలని, 2025 ఆఖరుకల్లా అమల్లోకి తేవాలని చెప్పింది.

అమెరికా దారిలో ఉన్న ఇబ్బంది ఏమిటంటే అది గాలివాటం. 2025 జనవరి ఆఖర్లో ప్రభుత్వ ఆరోగ్య వెబ్‌సైట్ల నుంచి కొన్ని పేజీలు, డేటాసెట్లు మాయమయ్యాయి, కొన్నిటిని కోర్టు ఆదేశాల మీద వెనక్కి తెచ్చారు. అదే ఏడాది ఏప్రిల్‌లో చైనా, రష్యా, ఇరాన్ లాంటి కొన్ని దేశాల సంస్థలకు ఎన్‌ఐహెచ్ తన కంట్రోల్డ్ యాక్సెస్ రిపాజిటరీల (అనుమతి ఉన్నవారికే డేటా ఇచ్చే గిడ్డంగుల) తలుపు మూసేసింది. ఆ జాబితాలో మన దేశం లేదు. కానీ మే నెలలో, అమెరికా గ్రాంటులోంచి విదేశీ భాగస్వాములకు వాటా (సబ్‌అవార్డు) ఇచ్చే పాత పద్ధతిని ఎన్‌ఐహెచ్ ఆపేసినప్పుడు ఆ సెగ మనదాకా వచ్చింది. కాబట్టి ప్లాన్ వాళ్లలాగా రాయండి, ఉన్న ఒక్క ప్రతిని మాత్రం వాళ్ల దగ్గరే వదిలేయకండి.

యూరప్: వాక్యం మంచిది, వెనక చట్టం బరువైనది

"వీలైనంత ఓపెన్, అవసరమైనంత క్లోజ్డ్." యూరోపియన్ యూనియన్ పరిశోధన నిధులన్నిటికీ ఇదే పల్లవి. 2021లో మొదలైన వాళ్ల నిధుల కార్యక్రమం హొరైజన్ యూరప్‌లో ప్రాజెక్టు మొదలైన ఆరో నెలకల్లా డేటా ప్లాన్ ఇవ్వాలి, తర్వాత దాన్ని మారుస్తూ పోవచ్చు. దరఖాస్తు రోజునే అంతా తెలిసినట్టు రాయమనరు. ఇది నాకు నచ్చిన ఏర్పాటు. ఫీల్డ్‌కి వెళ్లకముందు రాసిన ప్లాన్‌లో సగం కల్పితమే కదా.

మన సంస్థలకు హొరైజన్ డబ్బు నేరుగా రావడం తక్కువే, భారత్ ఆటోమేటిక్‌గా నిధులందే దేశాల జాబితాలో లేదు. కానీ హొరైజన్ కిందే వచ్చే మేరీ క్యూరీ ఫెలోషిప్ మీద జర్మనీ, నెదర్లాండ్స్ లాంటి చోట్ల చేరిన మన పిల్లలకు ఈ రూల్స్ పూర్తిగా వర్తిస్తాయి. లైసెన్స్ కూడా సీసీ బై గానీ సీసీ జీరో గానీ, లేదా వాటితో సమానమైనది గానీ ఉండాలి. సీసీ బై అంటే పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చు, కంపెనీలతో సహా. సీసీ జీరో అంటే పేరు కూడా చెప్పనక్కర్లేదు. వాణిజ్యానికి వాడకూడదనే షరతు పెట్టాలనుకునేవాళ్లు ముందే కోఆర్డినేటర్‌తో మాట్లాడుకోవాలి.

యూరప్ ఇచ్చిన గొప్ప వస్తువు జెనోడో. సెర్న్ నడిపే ఈ రిపాజిటరీలో ఏ దేశం వాళ్లయినా, ఏ సబ్జెక్టయినా, ఒక రికార్డుకు 50 జీబీ వరకు ఉచితంగా పెట్టుకోవచ్చు, దాన్ని ఎప్పటికీ వెతికి పట్టుకునేలా డీఓఐ అనే శాశ్వత నంబరు వస్తుంది. అలెగ్జాండ్రియా గ్రంథాలయపు మొదటి అధికారి జెనోడోటస్ పేరు మీద పెట్టారట. మా లైబ్రరీ వాళ్లకు ఇలాంటివి ముచ్చటగా ఉంటాయి, క్షమించాలి.

బరువంతా వ్యక్తిగత డేటాను కాపాడే యూరప్ చట్టం జీడీపీఆర్ దగ్గర ఉంది. యూరప్‌లో సేకరించిన వ్యక్తిగత డేటాను మన దేశంలోని ల్యాబ్‌కి పంపాలంటే మామూలు ఈమెయిల్ చాలదు. మన దేశపు రక్షణ తమ దేశాలతో సమానమని యూరప్ అధికారికంగా ఒప్పుకోలేదు కాబట్టి ప్రత్యేక ఒప్పందపు క్లాజులు కావాలి. ఆ సంతకాలకు నెలలు పట్టొచ్చు. అనాలిసిస్ ఇక్కడ చేద్దాం అని అనుకునేవాళ్లు అక్కడికే వెళ్లి చేయడం తేలిక.

బ్రిటన్ బయటికెళ్లినా దారి పెద్దగా మారలేదు. సామాజిక శాస్త్రాల కౌన్సిల్ గ్రాంటు ముగిసిన మూడు నెలల్లో డేటా అప్పగించమంటుంది. ఇంజినీరింగ్ కౌన్సిల్ పదేళ్లు దాచమంటుంది, ఎవరైనా మధ్యలో అడిగితే అక్కడి నుంచి మళ్లీ పదేళ్లు. వాడేవాళ్లున్నంత కాలం బతికుండాలన్న ఈ లెక్క నాకు మిగతావాటికన్నా తెలివైనదిగా కనిపిస్తుంది.

చైనా: కలిసి పనిచేసేవాళ్లకు మాత్రమే

2018 మార్చిలో చైనా స్టేట్ కౌన్సిల్ శాస్త్రీయ డేటాకు జాతీయ నియమాలు తెచ్చింది. ప్రభుత్వ డబ్బుతో వచ్చిన డేటాను ప్రాజెక్టు ముగింపు తనిఖీకి ముందే అప్పగించాలి. విదేశీ జర్నల్‌కి డేటా ఇవ్వాల్సి వస్తే, ముందు తమ సంస్థకు ఇచ్చి తర్వాతే బయటికి పంపాలి. మనుషుల జన్యు పదార్థాలకు 2019 నుంచి విడిగా కఠినమైన నియమాలున్నాయి. అక్కడి భాగస్వామి డేటా పంపడం ఆలస్యం చేస్తుంటే అది బద్ధకం కాకపోవచ్చు, అనుమతి రాకపోవచ్చు. "ముందు ఇంట్లో ఒక ప్రతి" అన్న ఆలోచన వరకు మనం నేర్చుకోదగ్గదే. మిగతాది ఎంపిక చేసుకునేది కాదు, అక్కడి వాళ్లతో పనిచేస్తే తప్పించుకోలేనిది.

కెనడా: కమిటీలో కూర్చున్నవాళ్లు చదవాల్సింది

మీ యూనివర్సిటీకి పాలసీ రాయమన్నారా? అమెరికా, యూరప్ పాలసీలను దించుకుంటే అవి మన లైబ్రరీకి, మన సర్వర్ గదికి మొయ్యలేని బరువవుతాయి. కెనడా వైపు చూడండి. పరిశోధనకు డబ్బిచ్చే అక్కడి మూడు ఫెడరల్ ఏజెన్సీలు 2021 మార్చిలో ఇచ్చిన పాలసీ రేపట్నుంచి అందరూ అన్నీ పెట్టండి అనలేదు. ముందు ప్రతి సంస్థా తన వ్యూహం రాసుకోవాలంది, దానికి 2023 మార్చి దాకా గడువిచ్చింది. ప్లాన్లను కొన్ని రకాల గ్రాంట్లతో మొదలుపెట్టింది, డేటా అప్పగించాలన్న రూలును మెల్లగా తెస్తోంది. సంస్థలో ఎంతమంది మనుషులున్నారో, ఏ రిపాజిటరీ ఉందో చూసుకుని నడవమన్నమాట. ఎన్నాళ్లు దాచాలనే లెక్క కావాలంటే ఆస్ట్రేలియాలో మామూలుగా కనీసం ఐదేళ్లు, క్లినికల్ ట్రయల్స్‌కి అంతకన్నా చాలా ఎక్కువ. మన యూనివర్సిటీలకు ఐదేళ్లతో మొదలుపెట్టడం సాధ్యమయ్యే పని.

కెనడా వైపు చూడమనడానికి ఇంకో కారణం ఉంది, అదే నాకు ముఖ్యం. అక్కడి ఆదిమ జాతులు తమ డేటాపై యాజమాన్యం, నియంత్రణ, అందుబాటు, స్వాధీనం తమవేనని ఓక్యాప్ అనే సూత్రాలు రాసుకున్నాయి. దేశపు పాలసీ ఆ హక్కును గుర్తించింది, వాళ్ల డేటాకు వాళ్లతో కలిసే ప్లాన్ రాయాలంది.

దీన్ని మన ఏజెన్సీ ప్రాంతాలకు పెట్టి చూడండి. 2023లో మొదలైన జాతీయ సికిల్ సెల్ మిషన్ కింద మన రెండు రాష్ట్రాల్లోనూ పరీక్షలు జరుగుతున్నాయి. పాడేరు వైపు ఒక గూడెంలో నలభై ఇళ్లుంటాయి అనుకుందాం. పేర్లు తీసేసి వయసు, ఆడా మగా, గూడెం పేరు ఉంచితే ఎవరు ఎవరో ఆ ఊరి దుకాణదారుకు కూడా తెలిసిపోతుంది. పెళ్లి సంబంధాల దాకా పోయే సమాచారం అది. నల్లమలలోని చెంచుపెంటల్లో ఇంకా చిన్న అంకెలు. పేరు కొట్టేస్తే పని అయిపోయిందనుకునే పద్ధతి లక్షల జనాభా ఉన్న నగరంలో చెల్లుతుందేమో, ఇక్కడ చెల్లదు. గూడెం బదులు మండలం, వయసు బదులు పదేళ్ల గుంపు, అప్పటికీ చిన్న అంకెలుంటే ఆ గడి ఖాళీ. ఇంకా మంచిది, వాళ్ల గ్రామసభ ముందు కూర్చుని ఏది ఇస్తున్నామో తెలుగులో, కువిలో, కోయలో చెప్పి అడగడం.

2009లో ఖమ్మం జిల్లాలో గిరిజన హాస్టళ్ల బాలికలకు హెచ్‌పీవీ టీకా పరిశీలనలో తల్లిదండ్రుల బదులు వార్డెన్ల చేత సంతకాలు పెట్టించిన సంగతి 2013లో పార్లమెంటరీ కమిటీ నివేదికదాకా వెళ్లింది. అది టీకా గురించే అయినా, డేటా సమ్మతి గురించి రాసే ఏ కమిటీ అయినా ఆ నివేదిక చదివాకే కలం పట్టుకుంటే బాగుంటుంది.

సరే, నా కేసులో ఏం చేయాలి?

డీబీటీ డబ్బుతో మొక్కల, సూక్ష్మజీవుల సీక్వెన్సింగ్ చేస్తున్నారా? ఎంచుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. ఫరీదాబాద్ కేంద్రంలో పెట్టండి, పేపరు వచ్చేదాకా ఆగే వెసులుబాటు వాడుకోండి, వచ్చిన నంబరు జర్నల్‌కి ఇవ్వండి.

ఆసుపత్రి డేటా, అమెరికా భాగస్వామి ఉంటే వరస ఇది: ఎథిక్స్ కమిటీ, స్క్రీనింగ్ కమిటీ, తర్వాతే ఎన్‌ఐహెచ్ ప్లాన్. చాలామంది ప్లాన్‌లో "అంతా పంచుకుంటాం" అని ఉదారంగా రాసి తర్వాత అనుమతి రాక మింగలేక కక్కలేక కూర్చుంటారు. భారతీయ చట్టాలకు, అనుమతులకు లోబడి, దరఖాస్తు మీద ఇస్తామని మొదటి రోజే రాయండి. ఎన్‌ఐహెచ్ పాలసీలోనే చట్టం, నైతికత అడ్డొచ్చినప్పుడు పరిమితం చేసుకునే వీలుంది, దాన్ని వాడుకోవడంలో సిగ్గేమీ లేదు.

ఫండింగ్ లేకుండా సొంత ఖర్చుతో చేనేత కార్మికుల ఇంటర్వ్యూలు తీసుకున్న పీహెచ్‌డీ వాళ్లకు ఏ పాలసీ అడ్డురాదు, అన్నం కూడా పెట్టదు. మీకు జెనోడో గానీ, హార్వర్డ్ డేటావర్స్ గానీ. కోడ్ చేసిన టేబుళ్లు, ప్రశ్నావళి బయట పెట్టండి. గొంతు రికార్డింగులు పెట్టకండి, గొంతు పేరుకన్నా పెద్ద గుర్తు. ఇక్కడ లైసెన్స్ మీ ఇష్టం, నేనైతే సీసీ బై అంటాను.

సముద్రం, వాతావరణం, ఉపగ్రహ చిత్రాల మీద పనిచేసేవాళ్లు మూల డేటాను మళ్లీ అప్‌లోడ్ చేయనక్కర్లేదు, చేయకూడదు కూడా. ఎక్కడి నుంచి, ఏ తేదీన, ఏ వెర్షన్ దింపుకున్నారో రాసి, మీరు చేసిన లెక్కల కోడ్, ఫలితాల ఫైలు పెడితే సరిపోతుంది.

సందేహం మిగిలితే, అంటే రెండు పాలసీలు చెరోవైపు లాగుతుంటే, మొత్తం డేటా గురించి కాకుండా కాలమ్ కాలమ్‌గా తేల్చుకోండి. పేరు, ఫోన్, ఊరు ఉన్న కాలమ్‌లు ల్యాబ్‌లోనే. రక్తపోటు, హిమోగ్లోబిన్ అంకెలు దరఖాస్తు మీద. జిల్లా సగటులు అందరికీ. ఒకే ఫైలు మూడు ముక్కలై మూడు చోట్ల ఉండొచ్చు. పాలసీలు చాలావరకు దీన్ని ఒప్పుకుంటాయి, నేను చూసినంతలో ఏ జర్నలూ తిప్పి పంపలేదు.

ఇవన్నీ సమ్మతి పత్రం మీద ఆధారపడి ఉంటాయి. మన పాత ఫారాల్లో "ఈ సమాచారాన్ని మా బృందం తప్ప ఎవరూ చూడరు" అని ఉంటుంది. ఆ ఒక్క వాక్యం సంతకమైందంటే తర్వాత ఏ దేశపు పాలసీ పట్టుకొచ్చినా ఆ డేటా బయటికి రాదు, రాకూడదు. దాని బదులు ఇలా రాసి చూడండి: "మీ పేరు, ఊరు తీసేసిన సమాచారాన్ని వేరే పరిశోధకులు అడిగితే ఇవ్వవచ్చా? అవును / కాదు. కాదన్నా మీకు అందే వైద్యంలో తేడా ఉండదు." పెద్దక్షరాల్లో వేయించండి, చదివి వినిపించేటప్పుడు "కాదు" అన్న మాటను కూడా "అవును" అన్నంత గట్టిగానే పలకమని ఫీల్డ్ టీమ్‌కి చెప్పండి. ఫారం ఎథిక్స్ కమిటీకి వెళ్లేలోపే ఈ మార్పు చేయాలి. సమావేశం నెలకో, రెండు నెలలకో ఒకసారి ఉంటుంది కాబట్టి తేదీ ఈ రోజే కనుక్కోండి.